మాస్టారి వీపు

మాస్టారి వీపు మీద పుట్టుమచ్చ పెరుగుతోందన్న సంగతి లోకంలో మొదట ఒకే ఒక్క మనిషికి తెలిసింది. ఆ మనిషి ఆయన పెళ్ళామే. ఖర్మ ఏమిటంటే, ఆ ఇంట్లో ఆవిడ మాటకు కుక్క మొరిగినంత విలువ కూడా లేదు. కుక్క మొరిగితే కనీసం ఎవరొచ్చారోనని తలుపు తీసి చూస్తారు.

మాస్టారంటే బళ్ళో పాఠాలు చెప్పేవాడనుకునేరు. కారు నేర్పే మాస్టారు. నేర్చుకునేవాడి పక్క సీట్లో కూర్చుని, కాలి కింద ఉండే రెండో బ్రేకు మీద పాదం ఆనించి, "అద్దం చూడరా, అద్దం! కళ్ళు జేబులో పెట్టుకొచ్చావా?" అని అరవడం ఆయన ఉద్యోగం. ఊళ్ళో సగం మంది ఆయన తిట్లు తిని స్టీరింగు పట్టినవాళ్ళే. తిట్టినా ఎవరికీ కోపం రాదు, తిట్టులో అంత నవ్వుంటుంది. ఎవరి నడకైనా, ఎవరి గొంతైనా ఒక్కసారి చూస్తే చాలు, అచ్చు గుద్దినట్టు దించేస్తాడు. ఆయన నలుగురిలో కూర్చుంటే ఆ నలుగురికీ పక్కటెముకలు నొప్పెడతాయి. అంత నవ్వు పండాలంటే రోజూ ఎవరో ఒకరు మేత కావాలి కదా. ఇంట్లో ఉన్నది ఆవిడ ఒక్కతే.

ఆవిడది బట్టల మిల్లులో చెకింగు పని. నిలువెత్తు వెలుగు బల్ల ఒకటి ఉంటుంది. దాని మీదుగా తెల్లబట్ట పొద్దస్తమానం జారిపోతూనే ఉంటుంది. దాని ముందు నిలబడి ఎక్కడ పడుగు తెగింది, ఎక్కడ పేక ముడిపడింది, ఎక్కడ నూనె చుక్క పడింది అని చూడాలి. చూసి కేకలు పెట్టకూడదు. మిషను ఆపమనకూడదు. తప్పుకు సూటిగా బట్ట అంచున ఒక ఎర్ర దారం గుచ్చి వదిలెయ్యాలి, అంతే. ఆ తాను పక్క గదిలోకి వెళ్తే, అక్కడ రఫ్ఫు చేసే పెద్దమ్మ ఎర్ర దారం కనబడ్డ చోటల్లా ఆగి, సూదితో తప్పును దిద్దుతుంది. చూసేవాళ్ళది చూసే పని, దిద్దేవాళ్ళది దిద్దే పని. ఇరవై రెండేళ్ళుగా ఆవిడ నోరు విప్పకుండా తప్పులకు దారాలు కడుతోంది.

ఇరవై రెండేళ్ళు అలా తెల్లబట్ట చూస్తే ఎవరికైనా ఏమవుతుంది? ఆవిడకూ అదే అయింది. బస్సు దిగాల్సిన చోట దిగడం మానేసింది. ఉత్తి గిన్నె పొయ్యి మీద పెట్టి అది ఎర్రగా కాలేదాకా దాని ముందే నిలబడేది. మూడుసార్లు పిలిస్తే గానీ పలికేది కాదు. మాస్టారు ఆవిడకు "పరధ్యానం" అని పేరు పెట్టి ఆ పేరుతోనే పిలవసాగాడు. ఇంటికొచ్చినవాళ్ళకు కూడా, "మా పరధ్యానం మంచినీళ్ళు తెస్తుంది, మీ అదృష్టం బాగుంటే గ్లాసులో నీళ్ళు కూడా ఉంటాయి," అని చెప్పేవాడు. ఒకరోజు అరవై మీటర్ల బట్ట తెగిన పడుగుతో ఆవిడ కళ్ళ ముందు నుంచే పోయింది, ఒక్క దారం లేకుండా. రఫ్ఫు పెద్దమ్మ తనంతట తనే చూసి, సూపర్వైజరు చెవిన పడకుండా కడుపులో పెట్టుకుని, ఆవిడను చెయ్యి పట్టుకుని మిల్లు డిస్పెన్సరీకి లాక్కుపోయింది.

డాక్టరమ్మ నాడి చూసింది, కళ్ళు చూసింది, మందులేమీ రాయలేదు. ఒక చిన్న నోటుపుస్తకం చేతిలో పెట్టి, రోజుకు ఐదు చొప్పున, చుట్టూ కనబడేవి చూసి రాయమంది. మనిషి చేసినవి కాకూడదు. చిన్నవై ఉండాలి. చూసింది చూసినట్టు రాయాలి తప్ప బాగుందనీ బాగాలేదనీ రాయకూడదు. "ఇన్నాళ్ళూ తప్పులు వెతికావు. ఇక వెతకడం మానేసి ఊరికే చూడు," అంది.

మొదటి వారం ఆవిడకు ఐదు కాదు కదా, ఒకటీ దొరకలేదు. ఆకు, ఆకు, ఆకు అని రాసుకుని సిగ్గుపడింది. రెండో వారంలో బస్టాపు గోడ పగులులో ఉన్న నాచు కనబడింది. పొద్దున పచ్చగా ఉన్నది మధ్యాహ్నానికి వడిలి గోధుమరంగుకు తిరిగింది. సీసాలోంచి నాలుగు చుక్కలు వేస్తే ఆవిడ చూస్తుండగానే ఒక్కో ఈనె లేచి నిలబడింది. ఆ రోజు ఆవిడ రెండు బస్సులు వదులుకుంది, ఈసారి కావాలనే. తర్వాత ఒకటి వెంట ఒకటి వచ్చి పడ్డాయి. "చీమ తనకన్నా పెద్ద రెక్కను ఈడుస్తోంది. గాలి వీస్తే రెక్కతో పాటు తనూ లేస్తోంది. వదలదు." "నత్త వెళ్ళిన దారి ఎండలో మెరిసింది, నీడలో లేదు." "ఆకు కొసన నీటిబొట్టు. అందులో నేను తలకిందులుగా ఉన్నాను." ఇలా రాసుకుంటూ పోతే ఒకనాడు చేతులు కడుక్కుంటుంటే నీళ్ళు చల్లగా తగిలాయి. ఎన్నేళ్ళయిందో నీళ్ళు చల్లగా తగిలి! బతికే ఉన్నాను అనుకుంది. నిలబడ్డ చోటనే ఏడ్చింది, సంతోషంతో.

సంతోషం దాచుకోవడం రానివాళ్ళకు శత్రువులు పక్కింట్లో ఉండక్కర్లేదు. మాస్టారికి నోటుపుస్తకం దొరికింది.

ప్రతి ఆదివారం మధ్యాహ్నం మాస్టారి చెల్లెలు, ఆమె మొగుడు భోజనానికి వస్తారు. ఆ ఆదివారం భోజనాలయ్యాక మాస్టారు పుస్తకం తీసి, లేచి నిలబడి, భార్య గొంతుతో చదవడం మొదలుపెట్టాడు. ఆ సన్నటి గొంతు, మాట మాటకూ మధ్య ఆ తడబాటు, కళ్ళు చికిలించడం, అన్నీ దిగిపోయాయి. నాచు దగ్గరకొచ్చేసరికి ఆడపడుచు కొంగు నోట్లో కుక్కుకుంది. నత్త దగ్గర ఆమె మొగుడికి పొలమారింది. గిన్నెలు తీస్తున్న ఆవిడ కూడా మొదట్లో కాస్త నవ్వింది. నవ్వకపోతే "దానికీ కోపమే" అంటారని భయం. మర్నాటి నుంచి ఊళ్ళో కనబడ్డవాళ్ళల్లా చీమ క్షేమమేనా అని ఆవిడను అడగసాగారు. తర్వాతి ఆదివారం పుస్తకం ఆయనే వెతికి తెచ్చాడు. మూడో ఆదివారానికి ఆడపడుచు గుమ్మంలో చెప్పులు విప్పుతూనే, ఈ వారం సంచిక వచ్చిందా అన్నయ్యా అంది. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అని ఊరికే అన్నారా. అయినా ఆవిడ రాయడం మానలేదు. మానితే మళ్ళీ ఆ తెల్లబట్టలోకి పోతానని ఆవిడకు తెలుసు.

సరిగ్గా అప్పుడే మచ్చ కనబడింది. రోజంతా సీట్లో కూర్చునే మనిషి కదా, మాస్టారికి నడుం నొప్పి. పొద్దున్నే స్నానానికి ముందు ఆవిడ వీపుకు నొప్పుల మందు రుద్దాలి. పదేళ్ళుగా రుద్దుతోంది, పదేళ్ళూ ఏమీ చూడలేదు. ఇప్పుడు కళ్ళు తెరుచుకున్నాయిగా, చూసింది. కుడి భుజం ఎముక కింద మిరియమంత మచ్చ. వారం తిరిగేసరికి అది మిరియం కాదు. ఆవిడ నేరుగా డిస్పెన్సరీకి పోయి డాక్టరమ్మకు అంచులు ఎలా ఉన్నాయో, రంగు ఎలా ఉందో పూస గుచ్చినట్టు చెప్పింది. డాక్టరమ్మ రాస్తున్న పెన్ను పక్కన పెట్టేసింది. వచ్చే నెల కాదు, ఈ వారమే తీసుకురావాలంది. ఇప్పుడైతే చిన్న కోతతో పోతుంది, లోపలికి దిగితే మనిషి దక్కడు అని ఉన్నదున్నట్టు చెప్పింది.

గురువారం పొద్దున మందు రుద్దుతూ ఆవిడ గుండె చిక్కబట్టుకుంది.

"ఏమండీ, మీ వీపు మీద..."

"ఏమే, చీమలు అయిపోయి ఇప్పుడు నా మీద పడ్డావా? పుస్తకంలో రాసుకో. ఆదివారం నేనే చదువుతా." చొక్కా తొడుక్కుని, తన మాటకు తనే నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు.

సాయంత్రం మళ్ళీ కదిపింది. ఆయన టీవీ గొంతు పెంచాడు. గట్టిగా చెయ్యి పట్టుకుని ఆపి, ఇది నవ్వులాట కాదు అని చెప్పే ఆడది వేరు. ఈవిడ అలాంటిది కాదు. ఈవిడకు తెలిసిన విద్య ఒక్కటే, తప్పుకు సూటిగా దారం కట్టి వదలడం. రాసుకోమన్నాడు కదా అని రాసింది. ఆయనే చదివితే ఆయనకే తడుతుందని నమ్మింది. డాక్టరమ్మ చెప్పిన పద్ధతి తప్పకుండా, ఎవరిదన్నది లేకుండా, బాగుందనీ బాగాలేదనీ లేకుండా రాసింది.

ఆదివారం వచ్చింది. ఆ వారం పుస్తకం నిండా కందిరీగే ఉంది. వంటింటి కిటికీ పైమూలన మట్టి గూడు కడుతున్న కందిరీగ. తొమ్మిది రోజులుగా ఆవిడ దాన్ని చూస్తోంది. తడిమట్టి ఉండను ముందుకాళ్ళ మధ్య పట్టుకు రావడం, సన్నగా పాడుతూ దాన్ని అంచున పరచడం, ఒక్కో గదిలో సాలీళ్ళను కుక్కి గుడ్డు పెట్టి మూత వెయ్యడం. అలా ఐదు గదులయ్యాయి. మాస్టారు ఆ పేజీలన్నీ చదివి, కందిరీగలా పాడి, రెక్కలాడించి చూపించాడు. నవ్వు బాగా పండింది. పండిన నవ్వును ఆయన ఎప్పుడైనా అక్కడితో వదిలాడా? "వినడమేంటి, కళ్ళారా చూపిస్తా రండి," అని స్క్రూడ్రైవరు పట్టుకుని వంటింట్లోకి నడిచాడు.

ఆవిడ "వద్దండీ" అంది. ఆ ఒక్క మాటే అంది. ఆయన ఆ మాటను కూడా ఆవిడ గొంతుతోనే అని చూపించి, స్టూలెక్కి గూటి కింద మొన పెట్టి పెళ్ళగించాడు. గూడు కింద పరిచి ఉన్న పేపరు మీద పడి రెండు ముక్కలైంది. లోపలి నుంచి సాలీళ్ళు రాలాయి, చావూ బతుకూ కాకుండా ఒక్కో కాలు కదుపుతూ. వాటి మధ్య పాలరంగు పురుగొకటి, అన్నం మెతుకంత, వెలుతురు తగిలి ముడుచుకుంది. ఆడపడుచు ఛీ అని వెనక్కి గెంతింది. ఆమె మొగుడు పేపరును కాలి బొటనవేలితో అటు తోశాడు. కందిరీగ మట్టి ఉండతో వచ్చి, గూడు లేని మూలన గిరగిరా తిరగసాగింది.

మాస్టారు స్టూలు మీదే కూర్చుని పేజీ తిప్పాడు.

"నల్లటిది. మిరియమంత ఉండేది, ఇప్పుడు బఠాణీ గింజంత. ఒక వైపు అంచు గుండ్రం. రెండో వైపు ఏరు కోసిన ఒడ్డులా ఉంది. మధ్యలో నీలం. కిందటి బుధవారం లేని చిన్న పిల్ల ఒకటి పక్కన పుట్టింది." పురిటి గదిలో మంత్రసాని మాట్లాడినట్టు పిల్ల అన్న మాటను సాగదీసి చదివాడు. ఆడపడుచు మొగుడు కడుపు పట్టుకుని, అదేం జంతువు బావా అన్నాడు. ఎలకపిల్లేమో అని ఆడపడుచు. జలగేమో అని ఆమె మొగుడు. పందెం కాసుకున్నారు. చివరికి మాస్టారు ఆవిడ వైపు తిరిగాడు.

"నువ్వే చెప్పు మరి. ఏమిటిది?"

ముగ్గురూ ఆవిడనే చూస్తున్నారు. ఎన్నేళ్ళకో ఆ ఇంట్లో ఆవిడ జవాబు కోసం మనుషులు ఆగారు. 'అది మీ వీపండీ' అంటే చాలు. నాలుక మీదే ఉంది మాట. ఆవిడ చూపు పేపరు మీద పురుగు మీద పడింది. అది చివరిసారి ముడుచుకుని ఆగిపోయింది. చావనీ, అనుకుంది ఆవిడ. పురుగును గురించి కాదు.

"పురుగండీ," అంది.

"అలాంటివి కనబడగానే నలిపెయ్యాలే. పిల్లలు పెట్టాక ఎవడూ ఏం చెయ్యలేడు," అన్నాడు మాస్టారు. అందరూ నవ్వారు. ఆవిడ పేపరు మడిచి చెత్తబుట్టలో వేసి, అందరికీ టీ పెట్టింది. ఆ రోజంతా ఆవిడ మనసు హాయిగా ఉంది. అంత హాయిగా ఉన్నందుకు కనీసం భయం కూడా వెయ్యలేదు.

భయం సోమవారం వేసింది. కోపం రాత్రికి రాత్రే దిగిపోయింది, మచ్చ మాత్రం ఉన్నచోటే ఉంది. చెప్పేద్దామని నోరు తెరిచింది. చెబితే, నిన్న అడిగితే పురుగన్నావేం అని అడుగుతాడు కదా. నిన్న మీరు చావాలనుకున్నానండీ అని ఏ పెళ్ళాం చెబుతుంది? నోరు మూసుకుంది. మూసుకుని ఏం చేసిందో వింటే మీకు ఒళ్ళు మండుతుంది. ఆయన బనీను తీసుకుని, కుడి భుజం కింద, సరిగ్గా మచ్చ ఉండే చోట, ఎర్ర దారం కుట్టింది. ఇరవై రెండేళ్ళ అలవాటు మరి. మాస్టారు దాన్ని చూసి, ఉతికేటప్పుడు అంటుకుందనుకుని పుటుక్కున తెంపేశాడు. ఇంకో బనీనుకు కుట్టింది. అదీ తెంపాడు. మూడోదాన్ని రఫ్ఫు చేసే పెద్దమ్మకు చూపించి, దారం కట్టాను పెద్దమ్మా, నా బాధ్యత తీరినట్టే కదా అంది. మొత్తం కథ విన్న పెద్దమ్మ బనీను తిప్పి ఆ దారం మీద వేలు పెట్టింది.

"దారం కనబడితే విప్పి చూసేదాన్ని ఇక్కడ నేనున్నా. మీ ఇంట్లో ఎవరున్నారే?"

ఆ సాయంత్రం చెప్పి తీరాలనుకునే ఇంటికి వెళ్ళింది. మాస్టారు వీధి అరుగు మీద పక్కింటాయనకు బనీను కథ చెబుతున్నాడు, సూదిలోకి దారం ఎక్కించడానికి కళ్ళు చికిలిస్తున్న భార్యలా నటిస్తూ. ఆవిడ తల వంచుకుని లోపలికి పోయింది. రేపు చెబుతా అనుకుంది. ఆలస్యం అమృతం విషం అన్నారు పెద్దలు. రేపు అన్నది వారమైంది, వారం నెలైంది, ఆ నెల మీద ఇంకో నాలుగు నెలలు పేరుకున్నాయి. ఎంత ఆలస్యమైతే చెప్పడం అంత కష్టమైంది. డిస్పెన్సరీ వైపు పోవడమే మానేసింది, పెద్దమ్మ అడిగితే రేపు చెబుతా అనేది. పొద్దున్నే ఆవిడ వేళ్ళు మచ్చ చుట్టూ మందు రుద్దేవి, మచ్చను తాకేవి కావు. ఒడ్డు ఎంత కోసుకుపోయిందో, నీలం ఎంత ముదిరిందో, పక్కన పిల్లలెన్నో చూసేది. చెప్పడానికే సిగ్గుచేటు గానీ, ఆ నాలుగు నిమిషాలూ ఆవిడ ఎక్కడికీ పోయేది కాదు. ఊపిరి బిగబట్టి, పూర్తిగా అక్కడే ఉండేది. నాచును కూడా అంత శ్రద్ధగా చూడలేదు.

చివరికి కనిపెట్టింది మాస్టారే. కారు నేర్చుకునే అమ్మాయి ఒకతె బండిని లారీ మీదికి తోలబోతుంటే స్టీరింగు లాగడానికి చెయ్యి చాపాడు, చంకలో ఏదో గట్టిగా ఒత్తుకుంది. నిమ్మకాయంత గడ్డ. పెద్దాసుపత్రిలో చొక్కా విప్పించారు. అక్కడి డాక్టరు వీపు చూసి, చంకలో గడ్డను నొక్కి చూశాడు. తర్వాత, ఐదారు నెలల కిందట వచ్చుంటే పది నిమిషాల పని అన్నాడు. ఎవరి వీపు వాళ్ళకు కనబడదు కాబట్టి డాక్టరు ఆవిడ వైపు చూశాడు. ఆవిడ నేల వైపు చూసింది.

మూడు వారాలకు జబ్బు వెన్నులోకి పాకింది. మాస్టారు మెడ కూడా తిప్పలేక వెల్లకిలా పడుకున్నాడు. మొదటి రెండు రోజులూ నర్సులను అనుకరించి పక్క మంచాలవాళ్ళను నవ్వించాడు. మూడో రోజు నుంచి గొంతు సహకరించలేదు. చెల్లెలు వచ్చి ఏడ్చి వెళ్ళింది. ఇద్దరే మిగిలాక ఆయన పైకప్పును చూస్తూ అడిగాడు.

"పదేళ్ళుగా రోజూ రుద్దుతున్నావు. ఒక్కనాడూ కనబడలేదా?"

"కనబడింది."

"మరి చెప్పలేదేం?"

"రాశాను. ఆదివారం మీరే చదివారు. నల్లటిది, మిరియమంత ఉండేది అని."

ఆయన పెదవులు ఆ మాటలను గుర్తు తెచ్చుకుంటున్నట్టు కదిలాయి. గుర్తొచ్చాయి. బఠాణీ గింజ గుర్తొచ్చింది, సాగదీసి చదివిన పిల్ల గుర్తొచ్చింది, పందెం గుర్తొచ్చింది.

"అడిగాను కదే. ఏమిటిది అని అడిగాను కదా నిన్ను."

"అడిగారు. మీరు చస్తే బాగుండుననిపించిందండీ. ఆ ఒక్కరోజే. మర్నాటికి పోయింది. కానీ అప్పటికి చెప్పడానికి భయమేసింది."

ఆవిడ ఏడుస్తుందేమోనని ఆయన చూశాడు. ఆవిడ ఏడవలేదు. ఆయన తిడతాడేమోనని ఆవిడ చూసింది. తిట్టడానికి ఆయనకు ఊపిరి చాలలేదు. పక్క వార్డులో ఎవరో దగ్గారు. ఆయన మళ్ళీ నోరు తెరిచినప్పుడు ఆ గొంతు ఆయనదిలా లేదు. బతిమాలుతున్నట్టు ఉంది.

"పొద్దున్నుంచీ ఈ పైకప్పే చూస్తున్నా. తెల్లగా ఉంది, ఇంకేమీ లేదు. పిచ్చెక్కేలా ఉంది. ఆ కిటికీ అవతల ఏముందో చూసి చెప్పవూ. నీ పుస్తకంలో రాస్తావే, అలా చెప్పు."

ఆవిడ కిటికీ వైపు తిరిగింది. ఎదురుగా ఉన్న నీళ్ళ గొట్టం అతుకులో పిచ్చిమొక్క ఒకటి మొలిచి రెండు ఆకులు వేసింది. గొట్టం చెమర్చినప్పుడల్లా చిన్న ఆకు కొసన బొట్టు ఊరి, బరువెక్కి, పెద్ద ఆకు మీద పడుతోంది. పడ్డప్పుడు పెద్ద ఆకు తల ఊపుతోంది. దాని అడుగున గోరంత ఆకుపచ్చ పురుగు, ఆకు ఊగినప్పుడల్లా పట్టు బిగించి, ఆగాక మళ్ళీ తినడం మొదలుపెడుతోంది. అది తిన్న మేర ఎండ దిగి, గోడ మీద చిన్న వెలుగు ముక్కగా వణుకుతోంది.

"ఏమీ లేదండీ," అంది ఆవిడ. "గోడ."

ఆయన కళ్ళు మూసుకున్నాడు. ఆవిడ కుర్చీని చప్పుడు కాకుండా కిటికీ దగ్గరికి జరుపుకుని కూర్చుంది.